సోమవారపు సాక్ష్యం

సోమవారం ఉదయం కాఫీ తాగుతూ హెడ్ గుమాస్తాగారు ఒక మహా ప్రయోగానికి సంకల్పించారు. "మీ విశ్వాసం ఈ గుమ్మం దాటుతుందా, పాటల పుస్తకంతోపాటు ఇక్కడే వదిలేస్తున్నారా?" అని ముందురోజు ఆరాధనలో పాస్టరుగారు వేసిన ప్రశ్న ఆయనను నిద్రపోనివ్వలేదు. ఆఫీసు గాలికి భక్తి ఎంతసేపు బతుకుతుందో చూడాలన్న శాస్త్రీయ కుతూహలం పుట్టింది.

"ఇవాళ ఎవరికీ తెలియకుండా ఒకరికి మేలు చేస్తాను," అన్నారు భార్యతో.

"నాకు తెలిసిపోయిందిగా! పోనీ, ఆ మేలేదో ఇక్కడే మొదలెట్టకూడదూ? సింకు నిండా గిన్నెలున్నాయి."

"ఇంటిపని లెక్కలోకి రాదే."

"ఎవరి లెక్కలోకండీ?"

ఈ దైవశాస్త్ర చర్చకు వ్యవధి లేనందున ఆయన గంట ముందే ఆఫీసు చేరుకున్నారు.

ఉత్తరాలు పంపే విభాగంలో, అందరూ అక్కయ్య అని పిలిచే ఉద్యోగిని బల్ల ఒక పర్వతశ్రేణి. ఫైళ్లు, కవర్లు, రబ్బరు స్టాంపులు, శిఖరాగ్రాన సగం తిన్న బిస్కెట్ల పొట్లం. ఆయన చొక్కా చేతులు మడిచి, నలభై నిమిషాలలో ఆ పర్వతాలను నేలమట్టం చేసి, కాగితాలను అకారాది క్రమంలో సొరుగుల్లోకి చేర్చి, బల్లను అద్దంలా తుడిచి, ఏమీ ఎరగనట్టు తన సీట్లో ఆసీనులయ్యారు.

అయితే ఆ కార్యాలయ చరిత్రలో బల్ల ఖాళీ అయ్యేది ఒకే ఒక్క సందర్భంలో. ఆ మనిషిని పంపించేసినప్పుడు. పరోపకార తన్మయత్వంలో ఆయన ఈ సంగతి మరిచారు.

మొదట చూసినవాడు అకౌంటెంటు. మూడేళ్లుగా ఆ కిటికీ పక్క చోటుపై కన్నేసిన ఆ మహానుభావుడు ఒక క్షణం సంతాపం ప్రకటించి, మరుక్షణం తన కుర్చీ మోసుకొచ్చాడు. అది చూసి మేనేజరు కంగుతిన్నాడు.

"నాకు మాటైనా చెప్పకుండా ఆవిణ్ణి తీసేశారా? అయితే తర్వాతి వంతు నాదే!" అంటూ తన బల్ల మీది కుటుంబ ఫోటోను సంచిలో వేసుకున్నాడు. మేనేజరు సంచి సర్దడం చూసి మిగతావారు సొరుగులు ఖాళీ చేయసాగారు.

పదింటికి అక్కయ్య వచ్చింది. తన బల్లను చూసి కొయ్యబారిపోయింది.

"పంతొమ్మిదేళ్లు! ఒక్క కవరైనా తప్పు ఊరికి పంపానా? వాళ్లు గెంటేదేమిటి, నేనే పోతాను!" అంటూ రాజీనామా రాయడానికి కూర్చుంది.

హెడ్ గుమాస్తాగారి అంతరంగంలో ఘోర సంగ్రామం చెలరేగింది. నోరు విప్పితే రహస్య సత్కార్యం బజారున పడుతుంది. విప్పకపోతే అక్కయ్య ఉద్యోగం పోతుంది. కలం సంతకం దాకా వచ్చింది.

"ఆగండి అక్కయ్యా! మిమ్మల్నెవరూ తీసేయలేదు. బల్ల సర్దింది నేనే. మేలు చేద్దామని..."

"మేలా? కుడి కుప్ప ఇవాళ్టిది, ఎడమది రేపటిది, బిస్కెట్ల కిందివి అర్జంటువి! కళ్లు మూసుకుని తీసేదాన్ని! అంత భక్తి పొంగుకొస్తే నన్నొక్క మాట అడగలేకపోయారా అన్నయ్యగారూ?"

అడగడం! మహా ప్రయోగంలో ఆ ఉపకరణానికి ఆయన చోటే కల్పించలేదు.

"అయితే, ఇప్పుడేం చేయమంటారు?" అన్నారు, కాస్త చిన్న గొంతుతో.

"ఎలా ఉన్నది అలా పెట్టండి."

అకౌంటెంటు కుర్చీ ఈడ్చుకుంటూ వెనుదిరిగాడు. మేనేజరు ఫోటో యథాస్థానానికి చేరింది. హెడ్ గుమాస్తాగారు మాత్రం, "ఇంకాస్త ఎడమకి! వంకరగా పెట్టండి, నిటారుగా ఉంటే నాకు కనబడదు!" అన్న ఆజ్ఞలను శిరసావహిస్తూ, సాయంత్రం దాకా తన చేతులతో సర్దినదంతా తన చేతులతోనే చెదరగొట్టారు. ఆరింటికి పర్వతశ్రేణి పూర్వవైభవంతో నిలిచింది.

అక్కయ్య దాన్ని తృప్తిగా చూసుకుని, "రేపు కూడా పెందలాడే రండి, కింది సొరుగులు మిగిలిపోయాయి," అన్నది.