కుడిచేతికి సెలవు లేదు

ముమ్మిడి భాస్కరానికి రెండు వారాల సెలవు మంజూరైంది గానీ, ఆ సెలవు అతని కుడిచేతికి వర్తించదని ఉత్తర్వులో స్పష్టంగా రాసి ఉంది. కాకినాడలో సంతకాలు సరిచూసే ఆఫీసులో అతను పెద్ద గుమాస్తా. జనం తెచ్చిన కాగితం మీది సంతకాన్ని పాత సంతకంతో పోల్చి, సరిపోతే ముద్ర వెయ్యడం, సరిపోకపోతే వెనక్కి తోసెయ్యడం అతని పని. సంతకం మీద చూపుడువేలు పారించి తేడా కనిపెట్టేవాడు. కళ్ళతో పెద్దగా పనుండేది కాదు. అందువల్ల చెయ్యి ఉంటే చాలని, తక్కిన భాస్కరం లేకపోయినా ప్రజలకు ఇబ్బంది ఉండదని పై ఆఫీసు తేల్చింది. భుజం మాత్రం తీసుకుపోవచ్చన్నారు. ఆ విషయంలో వాళ్ళు ఉదారంగానే ఉన్నారని ఒప్పుకోవాలి.

సూపరింటెండెంట్ లలితాంబగారు ఉత్తర్వు ఇస్తూ ఒక్క షరతు మాత్రం గట్టిగా చెప్పారు.

"సెలవయ్యాక సోమవారం ఆఫీసు తలుపులు తీసే టయానికి మీ మిగతా ఒళ్ళు ఇక్కడుండాలి భాస్కరంగారూ. ఆలస్యమైందా, చెయ్యి ఆ పోస్టులో పర్మనెంటైపోద్ది. అప్పుడొచ్చి నా చెయ్యి నాకిచ్చెయ్యండంటే నేనేం చెయ్యలేను."

"అదెంత మాటండి. ఆదివారానికే వచ్చేస్తాను," అన్నాడు భాస్కరం.

శుక్రవారం సాయంత్రం స్టోరు గదిలో చెయ్యి అప్పగించి రసీదు తీసుకున్నాడు. నొప్పేమీ ఉండదు. కొంతకాలం ఉద్యోగం చేసినవాళ్ళకి అది చాలా తేలిగ్గా ఊడి వస్తుంది.

అతను వెళ్తున్నది ఉత్తర వియత్నాం. ఆఫీసులో అతని కుర్చీకి ఎదురుగా ఎప్పటిదో ఒక విత్తనాల కంపెనీ క్యాలెండరు వేలాడుతోంది. అందులో కొండ మొత్తం మెట్లు మెట్లుగా చెక్కిన పచ్చటి వరిచేలు. నెలలూ తేదీలూ చిరిగిపోయినా బొమ్మ బాగుందని ఎవరూ తియ్యలేదు. భాస్కరం ఉద్యోగ జీవితమంతా ఆ కొండనే చూస్తూ సంతకాలు తడిమాడు. వంటవాణ్ణీ, గోంగూర పచ్చడినీ వెంటబెట్టుకుని, జెండా పట్టుకున్న గైడు వెనకాల నడిచే ప్యాకేజీ టూరు అతనికి వద్దు. తన టికెట్ తనే కొనుక్కోవాలి, తప్పు బస్సు ఎక్కితే తనే ఎక్కాలి. అదీ అతని కోరిక.

"ఘాట్ రోడ్డంటే నాకు కడుపులో తిప్పుద్దండి. మీరెళ్ళి రండి," అంది భార్య అమ్మాజీ. "సాయంత్రాలు చెయ్యి ఇంటికొచ్చేస్తది కదా, నాకు తోడుంటది."

హనోయి విమానాశ్రయంలో రెండు వరసలున్నాయి. పూర్తిగా రానివాళ్ళ వరస తలుపు దాకా ఉంది. చెవులు ఆఫీసులో వదిలి వచ్చినవాళ్ళు, ఒక కన్ను బ్యాంకులో ఉంచి వచ్చినవాళ్ళు, నాలుక కాల్ సెంటర్లో ఉన్నవాళ్ళు ఓపిగ్గా నిలబడి ఉన్నారు. పూర్తిగా వచ్చినవాళ్ళ వరసలో మాత్రం ఒక ఫ్రెంచి అమ్మాయి ఒక్కతే ఉంది. అధికారి ఆమె పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి చూసి, మీకు ఉద్యోగం ఏమీ లేదా అని అనుమానంగా అడిగాడు. భాస్కరం వంతు వచ్చేసరికి మాత్రం ఖాళీ చొక్కా చెయ్యి చూసి, గౌరవంగా తలూపి ముద్ర వేశాడు.

హనోయి అతన్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. రోడ్డు దాటడం అక్కడ ఒక విద్య. ఆగకూడదు, పరిగెత్తకూడదు. మామూలుగా నడుస్తూ ఉంటే మోటారు సైకిళ్ళే మన చుట్టూ తిరిగి పోతాయి. భాస్కరం అవసరం లేకపోయినా ఒక రోడ్డును అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు దాటి, తనలో తను నవ్వుకున్నాడు. పేవ్‌మెంటు మీద చిన్నపిల్లల స్టూలు లాంటి దాని మీద కూర్చుని పొగలు కక్కే ఫో, అంటే అక్కడి నూడిల్స్ సూపు, తాగాడు. నూడిల్స్ ఎడమచేత్తో ఎత్తబోతే సగం చొక్కా మీద పడ్డాయి. అయినా ఇంత సంతోషంగా ఎప్పుడు అన్నం తిన్నాడో అతనికి గుర్తు రాలేదు.

డబ్బులిచ్చే దగ్గర చిక్కొచ్చింది. అక్కడ ఇచ్చిపుచ్చుకోవడాలు రెండు చేతులతో చేస్తారు. ఫో అమ్మే ఆవిడ రెండు చేతులూ చాపింది. భాస్కరం దగ్గర ఉన్నది ఒకటే, అదీ ఎడమది. కాకినాడలో ఎడమచేత్తో లక్ష్మిని ఇచ్చేవాణ్ణి ఏమంటారో అతనికి తెలుసు. నోటు స్టూలు మీద పెడితే విసిరేసినట్టుంటుంది. చివరికి సిగ్గుపడుతూ ఎడమచేత్తోనే అందించి, మన ఊళ్ళో అనే మాటే అన్నాడు.

"ఎడమచెయ్యి అనుకోకండి."

ఆవిడ అది అతని దేశంలో దండం పెట్టడం లాంటిది కాబోలనుకుని, చక్కగా నవ్వి, "ఎదమచేయ్ అనుకోకందీ," అంది. భాస్కరానికి కళ్ళు చెమర్చాయి.

అక్కణ్ణుంచి ఆ మాటే అతని టికెట్ అయింది. రైలు స్టేషన్లో గుమాస్తాకి చెప్పాడు, టాక్సీ డ్రైవరుకి చెప్పాడు, అందరూ తిరిగి చెప్పారు. నిన్ బిన్ వెళ్ళే రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. టాక్సీ డ్రైవరు అడగకుండానే మీటరు వేశాడు. ఊళ్ళో ఆటోవాళ్ళతో వేగిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి.

భుజంలో మాత్రం ఏదో లాగుతూ ఉండేది. కాకినాడలో చెయ్యి ముద్ర వేసినప్పుడల్లా వియత్నాంలో భుజం సన్నగా జిల్లుమనేది. ఉదయం కాస్త నిదానంగా, మధ్యాహ్నం జోరుగా, భోజనాల వేళ కూడా ఆగకుండా. తనైతే భోజనానికి లేచేవాడు, చేతికి ఆకలెయ్యదు కదా అనుకున్నాడు.

నిన్ బిన్‌లో సున్నపురాయి కొండల మధ్య నది మీద పడవ ఎక్కాడు. పడవ నడిపే ఆవిడ వెనక్కి వాలి, కాళ్ళతో తెడ్లు వేస్తోంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఉంది. భాస్కరం కొండల్ని వదిలేసి ఆ చేతుల్నే చూశాడు. ఏ పనీ చెయ్యకుండా, ఒకదాని మీద ఒకటి వేసుకుని, అవి నదిని చూస్తున్నట్టే ఉన్నాయి. ఆవిడ ఫోనులో ఏదో చెప్పింది. ఫోను దాన్ని తెలుగులోకి మార్చి పలికింది.

"మీ హస్తము ఎచట ఉన్నది?"

"ఆఫీసులో ఉందండి. సెలవు దొరకలేదు."

"నా హస్తములు అలసిపోవును. అందుచేత వాటికి సెలవు ఇచ్చితిని. పాదములు పని చేయుచున్నవి," అంది ఫోను.

మన దగ్గర ఇలాంటి ఏర్పాటుకి ఎన్ని సంతకాలు కావాలో అని భాస్కరం ఆలోచించాడు. భుజం జిల్లుమంది.

లావ్ కాయ్ వరకు రైల్లో పడుకుని వెళ్ళి, అక్కణ్ణుంచి కొండ మీది సాపా ఊరికి పడుకునే బస్సు ఎక్కాడు. ఎక్కేటప్పుడు చెప్పులు విప్పించి, ప్లాస్టిక్ సంచిలో వేసి చేతికిచ్చారు. పక్క బెర్తులో ఒక కొరియా ఆయన ఉన్నాడు. ఆయన చెవులు సియోల్లో మీటింగుల్లో ఉన్నాయి. ఆయనకి ఏమీ వినపడదు గానీ, మీటింగులో ఎవరైనా గట్టిగా మాట్లాడితే బుగ్గలు ఎర్రబడతాయి. ఆయన ఫోను మీద రాసి చూపించాడు. "పోయినసారి కాళ్ళు ఉంచుకున్నారు. చెవులే నయం." భాస్కరం ఎడమ బొటనవేలు ఎత్తి చూపించాడు. బస్సు మలుపులు తిరుగుతుంటే ఇద్దరూ కిటికీకి ముక్కులు ఆనించి, లోయలో మబ్బు కదలడం చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు ఒక మలుపు దగ్గర టాక్సీ ఆపించి దిగాడు. క్యాలెండరు అక్కడుంది.

క్యాలెండర్లో పచ్చగా ఉండేది, ఇప్పుడు కోతల కాలం కాబట్టి కొండ కొండంతా పసుప్పచ్చగా ఉంది. కింద నుంచి మబ్బుల్లోకి మెట్లు. ఒక్కో మెట్టు మీద వరి, మెట్టు అంచున కొడవలి పట్టుకున్న మనుషులు, పొగ, గేదె మెడలో గంట. క్యాలెండర్లో గంట మోగేది కాదు. భాస్కరం గట్టు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ తను చూసింది బొమ్మ కాదు, ఊరు. అందులో మనుషులున్నారు. సంతోషం పట్టలేక ఏడ్చాడు, ఏడుస్తూ నవ్వాడు. టాక్సీ డ్రైవరు సిగరెట్ వెలిగించుకుని మర్యాదగా అటు తిరిగాడు.

కాసేపటికి అతనికి ఒక సంగతి తట్టింది. భుజం లాగడం లేదు. ఆదివారమా అని చూసుకున్నాడు, కాదు. ఒళ్ళంతా తేలిగ్గా, ఎవరూ పిలవని మనిషిలా ఉంది. ఆ తేలిక అతనికి బాగా నచ్చింది. నచ్చినందుకు భయమేసింది. వెంటనే అమ్మాజీకి ఫోన్ చేశాడు.

"చెయ్యి ఎలా ఉంది?"

"బంగారంలా ఉందండి. నిన్న ఆనపకాయ కూడా కోసిపెట్టింది. మోటారు గుర్తుంచుకుని కట్టేత్తంది. మీరెక్కడున్నారు?"

"కొండ మీద. అమ్మాజీ, ఇక్కడ..."

"ఉండండి, చెయ్యి గుమ్మంలో ఉంది, పాలపేకెట్టు తెచ్చినట్టుంది," అని ఆమె ఫోను పెట్టేసింది.

దారి పక్కన హ్మాంగ్ అనే కొండజాతి ముసలావిడ ఒకావిడ నీలిరంగు దారంతో అల్లిన కంకణాలు అమ్ముతోంది. భాస్కరం ఒకటి కొన్నాడు, కుడి మణికట్టు కొలతకి. పాపం అది ఈ కొండ చూడలేదు అనుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో వాన పట్టుకుంది. సాపా దిగువన రోడ్డు మీద కొండచరియ విరిగిపడింది. బస్సు ఆగిపోయింది, విమానం టయం దగ్గర పడుతోంది. అదే బస్సులో ఉన్న తెలుగు ప్యాకేజీ టూరు వాళ్ళు సీట్లలోనే కూర్చుని పులిహోర పొట్లాలు విప్పారు. భాస్కరం దిగి, బురదలో చెప్పులు చంకన పెట్టుకుని, చరియ దాటి అవతలికి నడిచాడు. అవతల ఆగిపోయిన టాక్సీ వెనక్కి తిరుగుతుంటే అడ్డం నిలబడి, ఎడమచెయ్యి అనుకోకండి అన్నాడు. ఎక్కించుకున్నారు. లావ్ కాయ్‌లో రైలు కదులుతుంటే ఎవరో అతని ఖాళీ చొక్కా చెయ్యి పట్టి లోపలికి లాగారు. హనోయిలో మళ్ళీ టాక్సీ. ఇలాంటి పరుగు తను తియ్యగలడని అతనికే తెలియదు. గుండె డప్పులా కొట్టుకుంటుంటే, జీవితంలో మొదటిసారి తన చెయ్యి కోసం తను పరిగెత్తుతున్నానని అతనికి గర్వంగా ఉంది.

సోమవారం ఆఫీసు తలుపులు తీసే వేళకి అతను గేటు దగ్గర ఉన్నాడు. ముఖం కమిలిపోయి, చెప్పులకి సాపా మట్టి ఉంది. అటెండరు కాళ్ళు రెండూ ఫైళ్ళ బుట్ట తోసుకుంటూ ఎదురొచ్చాయి. అటెండరు మాత్రం కనపడలేదు. లోపల ప్రతి బల్ల మీదా ఒక కుడిచెయ్యి పని చేసుకుంటోంది. కబుర్లు లేవు, టీలు లేవు. క్యాలెండరు తీసేశారు. చూసేవాళ్ళు లేరు గనక.

తన కౌంటరు దగ్గర వరసలో నిలబడ్డాడు. వంతు వచ్చాక, విధుల్లో చేరుతున్నానని రాసిన కాగితం, దాని మీద కంకణం పెట్టి, ఎడమచేత్తో లోపలికి తోశాడు. అలవాటు కొద్దీ, ఎవరితో అంటున్నాడో ఆలోచించకుండా, "ఎడమచెయ్యి అనుకోకండి," అన్నాడు.

చెయ్యి కంకణాన్ని తడిమింది. వేళ్ళు దాని అల్లికలో కాసేపు ఆగాయి. అది గుర్తుపట్టిందేమోనని భాస్కరం కౌంటరు మీదికి వంగాడు. తర్వాత కంకణం పక్కకి జరిపి, సంతకం మీద చూపుడువేలు పారించింది. ఎడమచేత్తో పెట్టిన సంతకం వంకరటింకరగా ఉంది. పాత సంతకం మీద వేలు పెట్టి చూసింది. మళ్ళీ దీని మీద పెట్టింది. ఎక్కడ ఆగుతుందో భాస్కరానికి ముందే తెలుసు, "ర" దగ్గర. అక్కడే ఆగింది. సంతకం సరిపోలేదని ముద్ర వేసి, కాగితమూ కంకణమూ రెండూ వెనక్కి తోసి, తర్వాతివాళ్ళ కోసం గంట కొట్టింది.

"నేను టయానికే వచ్చానండి," అన్నాడు భాస్కరం కౌంటరుతో.

"టయం బాగానే ఉంది. సంతకమే తేడా," అన్నారు వెనక నుంచి. చూస్తే లలితాంబగారు. ఆవిడ ఎడమచేతిలోనూ ఒక కాగితం ఉంది. "మీ చెయ్యి అంత బాగా చేస్తంటే పై ఆఫీసువాళ్ళు అందరివీ ఉంచేసుకున్నారండి. నేను రావడం ఇది మూడోసారి. మీరే ఇక్కడ కూర్చునుంటే ఏం చేసేవారు చెప్పండి?"

భాస్కరం నిజాయితీగా ఆలోచించాడు. "తిప్పి పంపేవాణ్ణండి," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు తన చెయ్యి మీద అతనికి కాస్త గర్వం కూడా కలిగింది. ఎంత బాగా నేర్పాడు.

కంకణం ఎడమ మణికట్టుకి కట్టుకోబోయాడు. ఒంటి చేత్తో ముడి పడలేదు. లలితాంబగారు కాగితం పళ్ళతో పట్టుకుని ఎడమచెయ్యి చాపారు. అతను ఒక కొస పళ్ళతో లాగాడు, ఆవిడ రెండో కొస వేళ్ళతో తిప్పారు. రెండు మూడుసార్లు జారి, చివరికి ముడి పడింది. ఆవిడ నోట్లోంచి కాగితం తీసి, "ఎడమచెయ్యి అనుకోకండి భాస్కరంగారూ," అన్నారు.

"పర్లేదండి, అందరిదీ అదేగా," అన్నాడు భాస్కరం. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళలో ఎవరికీ కుడిచెయ్యి లేదు.

జీతం మాత్రం ఎప్పట్లాగే చెయ్యి పేరున పడుతోందని అమ్మాజీ ఉదయం ఫోన్లో చెప్పింది. కాబట్టి కంగారేమీ లేదు. ఇద్దరూ మళ్ళీ వరసలో చేరారు, అది మెల్లగా కదులుతోంది. భాస్కరం వెనక్కి తిరిగి, కళ్ళు మెరుస్తుంటే, సాపా ఎలా వెళ్ళాలో లలితాంబగారికి చెప్పడం మొదలుపెట్టాడు. హనోయిలో రైలెక్కి లావ్ కాయ్‌లో దిగాలి, అక్కణ్ణుంచి బస్సు, కిటికీ పక్క సీటే అడగాలి. ఆవిడ శ్రద్ధగా విన్నారు. చివరికి, అక్కడికి పూర్తిగా వెళ్ళక్కర్లేదు కదా అని అడిగారు.

"అక్కర్లేదండి," అన్నాడు భాస్కరం. "అసలు పూర్తిగా వెళ్తే వాళ్ళు నమ్మరు."