నాలుగు గళ్లలో పోశన్న

గురువారం పొద్దున మక్బూల్ వేసుకున్న పథకంలో, తర్కదృష్టితో పరిశీలిస్తే, లోపమన్నది కనిపించదు. బహ్రెయిన్‌లోని అస్కర్‌లో ఉన్న ఒక పెద్ద కార్మికుల క్యాంపుకు ఇకపై మధ్యాహ్న భోజనం ఎక్కడినుంచి తెప్పించాలో తేల్చడానికి, కంపెనీ తరఫున హమ్జా అనే బహ్రెయినీ అధికారి మర్నాడు హూరాలోని అతని మెస్సుకు భోజనానికి వస్తున్నాడు. ఆ క్యాంపులో తెలుగువాళ్లు కొందరు ఇప్పటికే మక్బూల్ దగ్గర క్యారియర్లు తెప్పించుకుంటున్నారు. ఈ పూట వాళ్ల క్యారియర్లలో తలా ఒక ప్రకటన కాగితం పెట్టి పంపితే, సాయంత్రానికి క్యాంపంతా మెస్సు పేరు మార్మోగుతుంది. అది హమ్జా చెవినీ పడుతుంది. బేరం కుదిరితే మెస్సు నిలుస్తుంది. కుదరకపోతే, కుడిపక్కనే కొత్తగా తెరిచిన బిర్యానీ దుకాణం దాన్ని నంజుకు తింటుంది.

ప్రకటనకు కావలసిన కళ ఇంట్లోనే ఉంది. మక్బూల్ కూతురు ఇరమ్ ఇంటర్నెట్‌లో వారం వారం ఒక హాస్య బొమ్మల కథ వేస్తుంది. గీత జపాను పద్ధతిలో సాగుతుంది. కథ జరిగేదీ జపానులోనే, ఒసాకాలోని ఒక నూడుల్స్ దుకాణంలో. ఇరమ్ జపాను చూడలేదు. అందువల్ల ఆ ఒసాకాలో ఏసీ డబ్బాల నీళ్లు దారినపోయేవాళ్ల నెత్తిన కారుతుంటాయి, సందు మలుపులో గల్ఫు వారి కరక్ చాయ్ దొరుకుతుంది. నాయికా నాయకులకు ముఖంలో సగభాగం కళ్లే. పేర్లు చెరిపేస్తే కన్నతల్లులు కూడా వాళ్లను పోల్చుకోలేరు. చెప్పుకోదగ్గ ముఖాలున్నది పక్కపాత్రలకే. ఎందుకంటే వాళ్లందరినీ ఆమె మెస్సులోంచే పట్టుకెళ్లింది. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే స్కూటరువాడు ఆమె మేనమామ బాసిత్. నెత్తికి ఎర్ర తువ్వాల, పొడుగాటి కొంకి మీసంతో కనిపించే వంటవాడు పోషి-సాన్, అచ్చంగా మెస్సు వంటమాస్టరు పోశన్న. గల్లా దగ్గర కూర్చుని లోకం మీద విసుక్కునే యజమాని ఎవరో మక్బూల్‌కు మాత్రం ఇంతవరకు తట్టలేదు.

"పోశన్నను హీరోను చేసి ఒక బొమ్మ గియ్యి బేటా," అన్నాడు మక్బూల్.

"పక్కపాత్రను గుంజుకొచ్చి నడిమిట్ల నిలవెడితే కథ చేతిలోంచి జారిపోతది అబ్బా," అంది ఇరమ్ తండ్రితో. పుట్టింది బహ్రెయిన్‌లోనే అయినా తెలుగు మెస్సు వంటింట్లో నేర్చింది కనుక, ఆమె మాటలో పోశన్న నిర్మల్ యాస ఉంటుంది.

"నీ కథ సంగతి నాకొద్దు. నా మెస్సు సంగతి చూడు."

"సరే. మాటలేం రాయాలె?"

"ఒక్క మాట గూడ వద్దు. ఉర్దూ రాస్తే క్యాంపుల దేవన్నకు రాదు, తెలుగు రాస్తే మలయాళీకి రాదు. బొమ్మకు భాష లేదు. ఎవ్వలకన్న అర్థమైతది."

బొమ్మకు భాష లేదన్న ఈ సిద్ధాంతాన్ని అతడు ఎన్నడూ పరీక్షకు పెట్టి చూడలేదు.

ఇరమ్ ఒకే వరుసలో నాలుగు గళ్లు గీసింది. జపాను వారి ఆచారం ప్రకారం కుడి చివర మొదలుపెట్టింది. మొదటి గడిలో ఒక కార్మికుడు ఆకలికి సొమ్మసిల్లి, నాలుక బయటపెట్టి, నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. రెండో గడిలో పోషి-సాన్ చెమటలు కక్కుతూ నూడుల్స్ గిన్నె పట్టుకుని పరుగెడుతున్నాడు. మూడో గడిలో కార్మికుడు గిన్నె ఎత్తి గటగటా తాగుతున్నాడు. నాలుగో గడిలో, అంటే ఎడమ చివర, అతడు కండలు పొంగి, చుట్టూ చుక్కలు మెరుస్తుండగా గాలిలోకి ఎగిరాడు. చిన్ననాట కోరుట్ల మదర్సాలో ఉర్దూతో అక్షరాభ్యాసం జరిగిన మక్బూల్, కళ్లను సహజంగా కుడినుంచి ఎడమకు నడిపించి, పరమానందం పొందాడు. కాగితాలు అచ్చయ్యాయి. క్యారియర్ల మూతల కింద చేరాయి. బాసిత్ వాటిని బండిలో వేసుకుని, అలవాటు చొప్పున ఆలస్యంగానే, అస్కర్ వెళ్లాడు.

వెళ్లినవి వెళ్లినట్టే తిరిగొచ్చాయి.

"ఒక్కడు గూడ ముట్టలేదు దుల్హే భాయ్," అన్నాడు బాసిత్ బావతో, నిండు క్యారియర్లు బల్ల మీద పేరుస్తూ. "నేను పొయ్యేసరికి అందరు దూరంగ నిలవడ్డరు. క్యారియర్లను కట్టెతోని నూకిన్రు."

మక్బూల్ బగారన్నం రుచి చూశాడు. దాల్చా రుచి చూశాడు. రెండూ దివ్యంగా ఉన్నాయి. క్యాంపులో తెలుగువాళ్లకు పెద్దదిక్కయిన దేవన్నకు ఫోన్ చేశాడు.

"దేవన్నా, అన్నం ఎందుకు తినలేదే?"

"కాగితం చూసినం గద భాయ్."

"కాగితం చూసినంక గూడ తినలేదా?"

"చూసినంకనే తినలేదు. చూడకముందుగాల ఇద్దరు తిన్నరు, పాపం. గాళ్లను నీడకు పండవెట్టి చూస్తున్నం."

"పండవెట్టుడెందుకు?"

"ఎందుకో బొమ్మ గీసి పంపింది నువ్వే గద! ముందుగాల చెప్పినవు, గంతవరకు నీ మంచితనం. గని వండకుంటనే ఉండొచ్చు గదనే!"

"నువ్వేం మాట్లాడుతున్నవో నాకు సమజైతలేదు. గా బొమ్మల అబద్ధమేమున్నది? పోశన్న చేతి తిండి తిన్నోడు గట్లనే అయితడు. ఏండ్ల సంది అందరం చూస్తున్నదే!"



"ఏండ్ల సందా?" అన్నాడు దేవన్న సన్నని గొంతుతో, ఫోన్ పెట్టేస్తూ.

ఈలోగా క్యాంపు నుంచి ముఖేష్ అనే కుర్రాడు పోశన్నకే నేరుగా ఫోన్ చేసి, "మాస్టరూ, ఇయ్యాల ఎంతమందిని పండవెట్టినవే?" అని పరామర్శించాడు. పోశన్న కాగితం తెప్పించి చూశాడు. ఎడమనుంచి కుడికి చూశాడు. పొయ్యి ఆర్పాడు. తువ్వాల విప్పి మడత పెట్టాడు. సూట్‌కేసు తెచ్చి మెస్సు గుమ్మంలో వేసుకుని దాని మీద కూర్చున్నాడు.

"సేటూ, నాకు టికెట్ తియ్యి. ఇంటికి పోత."

"ఏమాయె పోశన్నా? నిన్ను హీరోను చేస్తి గదా!"

"హీరోనా? నా చేతి తిండి తిని మనిషి వడిపాయె. నేను గిన్నె పట్కొని దొంగోని లెక్క ఉర్కుతున్న. గిదేనా హీరో?"

"ఉర్కేది మనిషిని బతికిచ్చెతందుకు!"

"బతికిస్తే ఆఖర్ల నాలుకెందుకు బయటికొచ్చె?"

"ఆఖర్ల నాలుక యాడిది? ఆఖర్ల చుక్కలున్నయి!"

"చుక్కలు ముందుగాల ఉన్నయి. ఆడు మంచిగ ఎగురుకుంట వచ్చిండు, నా పాలవడ్డడు. అయినా నేను వండేది బగారన్నం. గా సేమ్యాల చారు తాగి ఎవడన్న సస్తే నాకేం సంబంధం?"

మక్బూల్ కాగితాన్ని తన ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. ఎలా చూసినా అందులో పోశన్న దేవుడే. పోశన్న అదే కాగితాన్ని లాక్కుని చూశాడు. ఎలా చూసినా అందులో అతడు హంతకుడే. ఇద్దరికీ ఎదుటివాడి మతి మీదే అనుమానం కలిగింది.

గొడవ విని మేడ మీదినుంచి మక్బూల్ భార్య మలికా దిగి వచ్చింది. "నజర్ తగిలింది," అని తేల్చింది. "గదే అంటున్న చెల్లే, దిష్టే!" అన్నాడు పోశన్న. పొద్దుటినుంచి ఆ మెస్సులో ఇద్దరు మనుషులు ఒక విషయాన్ని ఒకే విధంగా అర్థం చేసుకున్న సందర్భం అదొక్కటే. ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల మీద వేశారు. గిరాకీలందరికీ దగ్గు వచ్చి లేచిపోవడం తప్ప, ఆ ప్రయోగం వల్ల వేరే ఫలితమేదీ కనిపించలేదు.

కాలేజీ నుంచి వచ్చిన ఇరమ్ ఆ పొగలో నిలబడి ఇద్దరి వాదనా విన్నది. కాగితాన్ని బల్ల మీద పరిచింది.

"కథ చెప్పుండ్రి. నోటితోని గాదు, వేలు పెట్టి చూపెట్టుండ్రి. ఇద్దరు ఒక్కపారే."

మక్బూల్ వేలు కుడినుంచి బయలుదేరింది. పోశన్న వేలు ఎడమనుంచి బయలుదేరింది. మధ్యలో, గిన్నె దగ్గర, రెండు వేళ్లూ ఢీకొని ఆగిపోయాయి. ఇద్దరూ తమ వేళ్లకేసి, తర్వాత ఒకరికేసి ఒకరు చూసుకున్నారు.

"జపానోళ్లు గూడ మా లెక్కనే చదువుతరా?" అన్నాడు మక్బూల్, కొంత గర్వంగా.

"జపాను వాళ్లు అన్నం తినేది గా క్యాంపుల గాదు అబ్బా!"

విరుగుడు సులువే. బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పేస్తే సరి. ఎడమనుంచి చదివేవాళ్లకు పోషి-సాన్ ప్రాణదాత అవుతాడు. జరిగిన నష్టం పెద్దది కనుక మక్బూల్ దిద్దుబాటు కూడా పెద్దదిగానే చేయించాడు. తిప్పిన బొమ్మను వాకిలంత కాగితం మీద అచ్చు వేయించి, మెస్సు ముందరి అద్దానికి బయటివైపు అంటించమన్నాడు. అమ్వాజ్‌లో స్నానాల గదుల పలకలు అంటించే మిత్రుడి దగ్గర బాసిత్ జిగురు తెచ్చాడు. "ఇగ తుఫానొచ్చినా కదలది," అన్నాడు. పోశన్న బొమ్మ ముందు నిలబడి, ఎడమనుంచి కుడికి చూసుకుని, మీసం దువ్వి, సూట్‌కేసు లోపల పెట్టాడు. "నీ కథల గా హీరో పోరడు ఇన్ని దినాలల్ల ఒక్క గిన్నెన్న కడిగిండా? వాని బదులు నన్నే ఉంచు బిడ్డా," అని ఇరమ్‌కు ఒక సలహా కూడా ఇచ్చాడు. దేవన్నకు కబురు వెళ్లింది: రేపు సెలవే కదా, మనుషులను తీసుకుని వచ్చి కళ్లారా చూసుకో.

శుక్రవారం మధ్యాహ్నం, హమ్జా రావడానికి కాస్త ముందు, ఇరమ్ చేతిలోని మంచినీళ్ల జగ్గును బల్ల మీద పెట్టేసింది.

"అబ్బా, హమ్జా సాబ్ ఏం చదువుతడు?"

"ఆయనకేం, పెద్ద చదువే అయ్యుంటది."

"అట్ల గాదు. ఏ దిక్కునుంచి చదువుతడు?"

అరబ్బీ చదివేవాడి చూపు కుడినుంచి వస్తుంది. కుడినుంచి వస్తే ఇప్పుడా బొమ్మలో మనిషి ఎగురుతూ వస్తాడు, తింటాడు, పోతాడు. మక్బూల్ అట్లకాడ తీసుకుని బయటికి ఉరికాడు. గీకాడు. అట్లకాడ వంగింది గానీ కాగితం చెక్కు చెదరలేదు. ఆ మిత్రుడి జిగురు మాత్రం జీవితంలో మొదటిసారి, ఎక్కడ పనిచేయకూడదో అక్కడ పనిచేసింది.

తెల్లని తోబ్ అంగీ నేలకు జీరాడుతుండగా హమ్జా కారు దిగాడు. మక్బూల్ చేతులు రెండూ చాపి, అద్దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఏం దాస్తున్నావు? యల్లా, జరుగు," అన్నాడు హమ్జా, గల్ఫులో అందరూ మాట్లాడుకునే ఆ కలగాపులగపు హిందీలో.

మక్బూల్ జరిగాడు. హమ్జా చూపు కుడినుంచి ఎడమకు నడిచి, నాలుక బయటపెట్టి పడున్న మనిషి దగ్గర ఆగింది. వంటింటి గుమ్మంలో పోశన్న కళ్లు మూసుకున్నాడు.

హమ్జా పకపకా నవ్వాడు. "శభాష్! ఎగురుతూ వచ్చాడు. తిన్నాడు. వంటవాడేమో ఇంకా వడ్డించాలని గిన్నె పట్టుకుని వెంటపడుతున్నాడు. కడుపు నిండి కాళ్లు చాపుకుని పడుకున్నాడు! భోజనమంటే అదీ! పెట్టండి చూద్దాం."

నాలుగు గళ్లకు మూడో కథ కూడా ఉండవచ్చునని ఎవరికీ తోచలేదు. పోశన్న ప్రాణం లేచొచ్చి బగారన్నం, పొట్లీ మాంసం, దాల్చా, ఖద్దూ కా ఖీర్ వరుసగా వడ్డించాడు. హమ్జా మాట మాట్లాడకుండా తిన్నాడు, మళ్లీ అడిగి తిన్నాడు. చివరికి గోడవార ఉన్న సోఫాలో వెనక్కి వాలాడు. తల పక్కకు ఒరిగింది. నోరు తెరుచుకుంది. ఇంకొంచెం ఖీర్ వేయబోయిన పోశన్న, గిన్నె పట్టుకుని అక్కడే ఆగిపోయాడు.

సరిగ్గా ఆ క్షణంలో దేవన్న బృందం వచ్చింది. అద్దం మీది కొత్త బొమ్మను వాళ్లు చూడలేదు. దాని పక్క సందులోంచి లోపలి దృశ్యాన్ని చూశారు. గిన్నెతో పోశన్న. ఎదురుగా నోరు తెరుచుకుని పడిపోయిన కంపెనీ పెద్ద.

"అయిపాయె!" అని దేవన్న పెట్టిన కేకకు వీధి వీధంతా మెస్సు ముందు పోగైంది. ముఖేష్ అప్పటికే అంబులెన్సుకు ఫోన్ చేశాడు. బిర్యానీ దుకాణం యజమాని తన గిరాకీలతో సహా బయటికి వచ్చి నిలబడ్డాడు. "పండుకున్నడు! ఉత్తగ పండుకున్నడు!" అని మక్బూల్ మొత్తుకుంటుంటే, "నిన్న గాళ్లను గూడ మేం గట్లనే పండవెట్టినం," అన్నాడు దేవన్న కన్నీళ్లతో.

హమ్జా కళ్లు తెరిచేసరికి ముఖానికి ఆక్సిజన్ గొట్టం, చేతికి బీపీ పట్టీ, కిటికీ నిండా కళ్లు కనిపించాయి. అంబులెన్సు మనిషి నాడి చూసి, పొట్ట నొక్కి, ఈయనకు భోజనం తప్ప వేరే జబ్బేమీ లేదని ప్రకటించాడు. తర్వాత గొంతు తగ్గించి, ఖీర్ ఇంకా మిగిలిందా అని పోశన్నను అడిగాడు.

మక్బూల్ తలవంచుకుని తీర్పు కోసం నిలబడ్డాడు. హమ్జా గొట్టం పీకేసి, తోబ్ దులుపుకున్నాడు.

"మధ్యాహ్న భోజనం మీకు ఇవ్వను. ఖలాస్," అన్నాడు. "ఇది తిని డ్యూటీ ఎవడు చేస్తాడు? నేనే చేయలేకపోయాను. పగలు ఆ పక్క దుకాణం బిర్యానీ చాలు, దానితో ఎవరికీ నిద్ర రాదు. రాత్రి భోజనం, శుక్రవారం రెండు పూటలూ మీవి."

పక్క దుకాణం యజమాని దీన్ని పొగడ్తగా తీసుకోవాలో వద్దో తేల్చుకోలేక లోపలికి వెళ్లిపోయాడు. దేవన్న బృందం బల్లల ముందు బుద్ధిగా కూర్చుని, నిన్నటి లెక్క కూడా కలుపుకుని తిన్నది.

"కథ చేతిలోంచి జారిపోతదని చెప్తే ఇంటివా అబ్బా?" అంది ఇరమ్.

"ఇంటిగని, నీ కథల గల్లా కాడ మొత్తుకునేటోడు ఒకడున్నడు గద, వాడెవడు?" అన్నాడు మక్బూల్ హఠాత్తుగా. మెస్సులో అందరూ తమ పళ్లేలలోకి చూసుకున్నారు.

అద్దం మీది కాగితం ఇంకా ఊడలేదు. అందుచేత, ఎటునుంచి చదవాలో తెలిసేలా ఇరమ్ నాలుగు గళ్ల కింద కుడివైపుకు పెద్ద బాణం గుర్తు ఒకటి గీసింది. అది సరిగ్గా బిర్యానీ దుకాణానికి దారి చూపిస్తోందని గమనించి మక్బూల్ ఆ సాయంత్రమే చెరిపేశాడు.