నీళ్లు రాని కుంటే నిజమైన కుంట

కుంటను కాపాడాలంటే ముందు అందులోకి నీళ్లు రాకుండా చూడాలి. నవ్వకండి! ఈ సత్యం నాకు కర్ణాటకలో కైవార పక్కన ఒక ఊళ్లో బోధపడింది.

ఆ ఊరి రైతు ఆంజనేయప్పకు రెండు పాడి ఆవులు. అవి తాగేది కుంట నీళ్లే. వాన కాలువ పూడిపోయి రెండేళ్లుగా కుంట సగం కూడా నిండటం లేదు. అందుకే పర్యావరణాన్ని ఉద్ధరించే యువదళం వస్తోందని తెలిసి ఆయన పొంగిపోయాడు. దళమంటే మాటలా? ఒక కాలేజీ, ఒక కంపెనీ, ఒక యువక సంఘం చేతులు కలిపాయి! ముప్పై పచ్చ టీషర్టులు, మూడు బ్యానర్లు, ఐదువందల మొక్కలు దిగాయి. పారలు మాత్రం నాలుగే.

"ఆ కాలవలో పూడిక తీయండమ్మా, అంతే చాలు," అన్నాడాయన దళం లీడర్ అర్పితతో.

"పూడిక మా ప్రాజెక్టులో లేదప్పా. ప్లాంటేషన్ ఉండాది."

మరి నాటడానికి చోటేదీ? ఊరి చుట్టూ రాగి చేలు, టమోటా తోటలు. అడిగేవాళ్లు లేని మెత్తటి మన్ను ఎండిన కుంటలోనే దొరికింది. మధ్యాహ్నానికల్లా ఐదువందలూ నాటేశారు!

"ఇది కుంటమ్మా! వానొస్తే నీళ్లు నిలుస్తాయి," అని ఆంజనేయప్ప మొత్తుకున్నాడు.

"మంచిదే కదప్పా, నీళ్లు పోసే పని తప్పుతాది!"

జూన్‌లో వానొచ్చింది. మొక్కలు మెడ దాకా మునిగాయి. దళం రెండు వ్యాన్లలో పరుగెత్తుకొచ్చి, కాలువకు ఇసుక మూటలు అడ్డం పెట్టి, కుంటలో నీళ్లను మోటారుతో తోడి పారబోసింది. ఎంత గండం తప్పింది! మిగతా వానంతా రోడ్డు మీద పారింది. పాపం, రోడ్డుకు మాత్రం దాహం ఉండదా?

కుంట ఎండగానే మొక్కలు వాడాయి. కళ్లెదుట పచ్చని ప్రాణం పోతుంటే చూడలేని మనిషి ఆంజనేయప్ప. ఊరి కొళాయి నీళ్లు బిందెలతో మోసి పోశాడు. ఆవులకు మిగలకపోతే వాటిని పక్కూరి కుంటకు తోలుకెళ్లాడు. అక్కడికి ఇంకా ఏ దళమూ రాలేదు కాబట్టి నీళ్లున్నాయి.

ఏడాది తిరిగేసరికి దళం మళ్లీ వచ్చి ఆయనకు శాలువా కప్పి, మైకు చేతికిచ్చింది. ఆయనకు దుఃఖమూ కోపమూ ఒక్కసారే పొంగుకొచ్చాయి.

"సెట్లు బతికినాయి, సంతోషమమ్మా. ఇంగ మా కుంటను యాడ నాటుతారో సెప్పండి!"

అర్పిత నవ్వలేదు. శ్రద్ధగా పెన్ను తీసి అడిగింది.

"ఎన్ని కుంటలు కావాలప్పా?"