ఇంజను చప్పుడు వినపడని కారు

తన కారులో ఇంజను లేదని జగన్నాథం గారికి తెలిసేసరికి, ఆయన అదే కారులో స్టేషనుకు వెళ్లి, దొరగారిని ఎక్కించుకుని, బంగళా దగ్గర దింపి, ఇంటికి తిరిగివచ్చి ఇంకా కాఫీ కూడా తాగలేదు.

మనిషికి కారు ఉండటం సౌఖ్యం. కారుకు బీమా ఉండటం నాగరికత. ఈ రెండింటినీ ఒకే ఇంట్లో పోషించడం మాత్రం ఒక శాస్త్రం. ఆ శాస్త్రం బిలాస్‌పూర్ చేరి అప్పటికి ఏడాదైంది. అది నేరుగా వచ్చి దిగిన చోటు తార్‌బహార్ పేటలో జగన్నాథం గారి వాకిలి.

జగన్నాథం గారు రైల్వేకి బొగ్గు ఎత్తించే కాంట్రాక్టరు. తండ్రి విజయనగరం వైపు నుంచి పట్టాలు వేసే కూలీలతో పాటు వచ్చినవాడు. కొడుకు ఆ పట్టాల మీదుగానే కలకత్తా నుంచి నల్లటి పెద్ద సెడాన్ కారు తెప్పించాడు. వ్యాగన్ మీద టార్పాలిన్ కప్పుకుని అది దిగిన రోజున యార్డులో షంటింగు ఆగిపోయింది. దాంతో పాటు వచ్చిన రంగుల కాగితంలో ఒక మాట ఆయనకు కంఠతా వచ్చేసింది: "లోపల కూర్చున్నవారికి ఇంజను ఉన్న సంగతే గుర్తుకు రాదు."

కారు ఖరీదు ఒక్కసారి ఇచ్చేది. కనుక దాన్ని ఖర్చు అనకూడదు. అసలు ఖర్చులు ఆ తరువాత వరుసగా వచ్చి నమస్కారం చేశాయి. రోడ్డు పన్ను, నంబరు బిళ్ల, డబ్బాల్లో రైలెక్కి వచ్చే పెట్రోలు, కారుకు షెడ్డు, షెడ్డుకు తాళం, తాళానికి కాపలావాడు. ఆ వెనకే గొడుగు పట్టుకుని సూర్యం వచ్చాడు.

సూర్యం కలకత్తాలోని అఖండ సౌభాగ్య మోటారు బీమా కంపెనీకి ప్రాంతీయ ప్రమాద అంచనా అధికారి. (ప్రాంతం అంటే తార్‌బహార్. కార్యాలయం అంటే వాళ్ల అత్తగారి అరుగు.) బిలాస్‌పూర్‌లోనే పుట్టి పెరగడం చేత తెలుగులో మొదలుపెట్టిన ప్రతి మాటనీ "అచ్ఛా" అని ఒకసారి తూచిగానీ ముందుకు సాగడు. అతను మొదటి రోజునే కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, జగన్నాథం గారికి ఎన్ని రకాల నష్టాలు రాగలవో విడమరిచి చెప్పాడు. కారున్న ఇంటి మీద దొంగల కన్ను పడుతుంది. కనుక ఇంటికి బీమా. కారున్న మనిషి నడక మానేస్తాడు, ఒంట్లో చక్కెర చేరుతుంది. కనుక మనిషికి బీమా. కాపలావాడు నిద్రపోవచ్చు. కనుక అతని నిద్రకు బీమా.

"మెలకువగా ఉంటే?" అని అడిగారు జగన్నాథం గారు.

"అచ్ఛా, మెలకువగా ఉంటే దొంగల చేతిలో దెబ్బలు తింటాడు కదండీ. దానికి వేరే."

రాయితీలు లేవని కాదు. ఎండకు తోలు సీట్లు పాడవకుండా అద్దాలన్నిటికీ, వెనక అద్దంతో సహా, నల్ల పరదాలు కట్టిస్తే ఒక రాయితీ. జట్కా కన్నా వేగంగా పోనని ఒప్పుకుంటే ఇంకో రాయితీ. యజమాని డ్రైవరు పనిలో తల దూర్చకుండా మధ్యలో చెక్క తడిక పెట్టించుకుంటే మరొకటి. జగన్నాథం గారు మూడూ తీసుకున్నారు. ఏ బిల్లు వచ్చినా ఆయన అనే మాట ఒక్కటే: "ఇంట్లో ఇచ్చెయ్యమను."

ఇంట్లో అంటే భార్య లక్ష్మీనరసమ్మ. కాంట్రాక్టు డబ్బు ఆమె చేతికి ఇచ్చేస్తే తన బాధ్యత తీరిందని ఆయన నమ్మకం. వినాయక చవితికి ఆవు కనపడలేదు. పుట్టింటికి తోలించానందామె. ఆ తరువాత కుట్టుమిషను కూడా పుట్టింటికి వెళ్లింది. ఆ ఇంట్లో వస్తువులకు పుట్టింటి మీద మమకారం ఎక్కువని అనుకుని ఊరుకున్నారాయన.

దసరా వెళ్లాక కారు మరీ మెత్తబడింది. కుదుపు లేదు, వణుకు లేదు, చప్పుడు లేదు. పరదాల చీకట్లో వెనక సీట్లో కూర్చుని జగన్నాథం గారు పరవశించిపోయేవారు. స్టేషను వైపు పల్లంలో హాయిగా జారేది. తిరుగు ప్రయాణంలో మాత్రం ఎక్కడో వెనక నుంచి ఆయాసంలాంటిది వినపడేది. "అది సైలెన్సరు బాబూ" అని తడిక అవతల నుంచి డ్రైవరు సింహాచలం చెప్పేవాడు. కొత్త కార్లకు సైలెన్సరు దగ్గుతుందని కూడా చెప్పాడు. జగన్నాథం గారు క్లబ్బులో ఆ సంగతి నలుగురికీ గర్వంగా చెప్పారు.

ఆ మధ్యాహ్నం కొత్త ఇంజనీరు దొర మెయిలు రైల్లో దిగాడు. బొగ్గు కాంట్రాక్టు మళ్లీ ఏడాదికి ఎవరికి ఇవ్వాలో సంతకం పెట్టేది ఆయనే. కారు దిగుతూ దొర చాలా సంతోషించాడు. "అచ్చం నా ట్రాలీలో వచ్చినట్టుంది" అన్నాడు. (ట్రాలీ అంటే పట్టాల మీద తిరిగే నాలుగు చక్రాల బల్ల. దాని మీద కుర్చీ వేసుకుని అధికారి కూర్చుంటాడు. వెనక నలుగురు మనుషులు పట్టాల మీద పరిగెత్తుతూ తోస్తారు. రైలు పట్టాలు ఉన్నంతమేరా గౌరవానికి అదే వాహనం.) సాయంత్రం ఐదింటికి వచ్చి తనే స్వయంగా అర్పా నది దాకా కారు నడుపుతానన్నాడు దొర. కాంట్రాక్టు సంగతి అక్కడే మాట్లాడుకుందామన్నాడు.

నమోదైన డ్రైవరు కాక మరొకరు స్టీరింగు పట్టుకుంటే కంపెనీవారి అన్యహస్త అనుమతి కావాలి. జగన్నాథం గారు సూర్యాన్ని పిలిపించారు. ఆ అనుమతికి ఇంజను మీద ఉన్న నంబరు రాసుకోవాలి. సూర్యం కళ్లజోడు తుడుచుకుని బానెట్టు ఎత్తాడు.

"ఇక్కడ నంబరు లేదండి."

"తుడిచి చూడవయ్యా. దుమ్ము పట్టుంటుంది."

"అచ్ఛా. దేన్ని తుడవమంటారు?"

జగన్నాథం గారు వచ్చి తొంగిచూశారు. ఇంజను ఉండవలసిన చోట పాత రైలు పట్టా ముక్కలు ఒద్దికగా పేర్చి ఉన్నాయి. వాటి మీద గుడ్డ కట్టిన నిమ్మకాయ ఊరగాయ జాడీ ఒకటి రేకు వేడికి వెచ్చగా కూర్చుని ఉంది. జాడీని ఎవరూ అనుమానించలేదు. (మన ఇళ్లలో ఊరగాయ జాడీ ఎక్కడ కనపడినా నేరం కాదు.)

"దొంగతనం" అన్నారు జగన్నాథం గారు.

"అలా తొందరపడి పేరు పెట్టకూడదండి" అన్నాడు సూర్యం. "దొంగ బయటివాడైతేనే కంపెనీ దాన్ని దొంగతనం అంటుంది. డబ్బిస్తుంది. ఇంట్లోవాళ్లు తీస్తే దాన్ని సంసారం అంటుంది."

"ఇంతకీ బీమా ఉన్నట్టా, లేనట్టా?"

"ఉంది. కానీ ఇంజను లేనిదాన్ని కంపెనీ కారు అనదు, సామాను అంటుంది. సామానుకు పాలసీ వేరు."

"మరి ఇన్నాళ్లూ కట్టింది?"

"కారు అనుకుని కట్టారు కదండీ. మీ నమ్మకాన్ని కంపెనీ ఎప్పుడూ గౌరవిస్తుంది."

జగన్నాథం గారు వసారాలోని గోడ గడియారం వైపు చూశారు. ఐదింటిలోగా దొంగ దొరకాలి. వాడు బయటివాడై ఉండాలి. అప్పుడు కంపెనీ డబ్బుతో ఇంకో ఇంజను వస్తుంది. దొరకు చెప్పడానికి మర్యాదైన కారణమూ ఉంటుంది. దొంగతనం జరిగిన ఇంటికి కాంట్రాక్టు ఇస్తారు. ఇంజను లేని కారులో దొరను తిప్పిన ఇంటికి ఇవ్వరు.

మొదట సింహాచలాన్ని పిలిచారు. సింహాచలం రైల్వేలో ఉద్యోగమంతా గూడ్సు గార్డుగా చేసి విరమించినవాడు. బతుకంతా రైలు చివరి పెట్టెలో గడిపాడు కాబట్టి ముందు ఏముందో చూసే అలవాటు లేదు.

"ఇంజను లేదని నీకు తెలీదా?"

"తెల్సు బాబూ."

"చెప్పలేదేం?"

"తవరు అడగనేదు. స్టీరింగు, హారను, బిరేకు నా డూటీ. ఇంజను షెడ్డోళ్ల డూటీ. ఆళ్ల పన్లో నాను తల పెడితే రిపోర్టు రాసేత్తారు."

"మరి కారెలా నడుస్తోందిరా?"

"నడత్తోంది కదా బాబూ" అన్నాడు సింహాచలం. ఆ ప్రశ్నే అతనికి అర్థంకానట్టుంది.

ఆ మాటలు విని ఇంటి వెనక నుంచి అప్పలకొండ వచ్చాడు. ట్రాలీమేను పని చేసి మానేసిన మనిషి. చెప్పులు లేని కాళ్లు. అతని వెంట ఇంకో ముగ్గురు. నలుగురూ తలపాగాలు సర్దుకుని, ఇన్‌స్పెక్షనుకు నిలబడినట్టు వరుసగా నిలబడ్డారు.

"మేవే తోత్తన్నాం బాబూ, దసరా కాణ్ణించి. పల్లంలో ఇద్దరం సాలు. తిరుగులోనే కష్టం."

జగన్నాథం గారి చెవుల్లో ఆ దగ్గు గింగురుమంది. ఆయన తన కారు సైలెన్సరును మొదటిసారి ముఖాముఖి చూస్తున్నారు.

"ఊరంతా చూస్తుండగా తోశారా?"

"సూసేరు బాబూ. స్టేషన్మాస్టరు బాబు కూడా సూసేరు. ఏటీ అన్నేదు. పెద్దోళ్లు కూకున్న బండి మరి ఎలాగ నడుత్తాది? మనుసులు తొయ్యాలి కదా."

అదీ సంగతి. ఇంకే ఊళ్లోనైనా వీధికుక్క సైతం వింతగా చూసేది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మాత్రం కుర్చీలో ఒకరు కూర్చోవడం, వెనక నలుగురు పరిగెత్తడం ప్రకృతి ధర్మం. కారుకు మనుషులు లేకపోతేనే అడిగి ఉండేవారు.

"అచ్ఛా" అన్నాడు సూర్యం, కాగితం బయటికి తీసి. "ఈ అప్పలకొండ మీ ఇంట్లో మనిషా, బయటివాడా?"

ఆ ప్రశ్నలో ఎంత దారి ఉందో జగన్నాథం గారికి తక్షణం కనిపించింది. ఆయన అప్పలకొండ కాళ్ల వైపు చూశారు. పాదాల కింద చర్మం పగిలి, కంకర గీసుకుపోయి ఉంది. తరువాత గడియారం వైపు చూశారు. నాలుగు దాటింది.

"బయటివాడే" అన్నారు.

"అయితే పని సులువండి. ఠాణాలో ఒక ముక్క రాయించండి. ఇతన్ని తీసుకెళ్తారు. ఇంజను సంగతి కంపెనీ చూసుకుంటుంది."

అప్పలకొండ తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "నానేటి సేసేను బాబూ?" అన్నాడు నెమ్మదిగా. "తోసేను. అంతే కదా."

జగన్నాథం గారు కలం అడిగారు. పాపం, ఆయన చెడ్డమనిషి కాదు. ఏడాది కాంట్రాక్టుకూ ఒక మనిషికీ మధ్య ఏది పెద్దదో తేల్చడానికి ఆయన దగ్గర ఇంకో గంట కూడా లేదు.

అంతలో వంటింటి గుమ్మంలోంచి లక్ష్మీనరసమ్మ వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా కారు దగ్గరికి నడిచి, బానెట్టులోంచి జాడీ తీసి, గుడ్డ బిగించి, చంకన పెట్టుకుంది. అప్పుడు భర్త చేతిలోని కలం తీసుకుని సూర్యానికి తిరిగి ఇచ్చేసింది.

"రాయక్కర్లేదు సూర్యం బాబూ. మీ కంపెనీ లెక్కలో ఇది సంసారవే. ఇంజను నేనే తీయించేను. దయాల్‌బంద్‌లో గోవిందరావు గారి పిండి మరకి అమ్మేసేను. ఏవండీ, మీరు రోజూ పొద్దున్న తింటున్న రొట్టెలు దాంతో ఆడించిన పిండివే, బాగున్నాయని మీరే అన్నారు. ఏటలా చూస్తారు? ఇంట్లో ఇచ్చెయ్యమన్నారు, ఇచ్చేను. తాళానికి ఇచ్చేను, కాపలావాడి నిద్రకి ఇచ్చేను, మీ చక్కెరకి ఇచ్చేను. ఆవు అయిపోయింది, మిషనైపోయింది. దసరాకి ఈ బాబు వచ్చి, బీమా కట్టకపోతే కారు షెడ్డులోంచి బైటికి తియ్యకూడదన్నాడు. కారు ఎక్కకపోతే మీరు అన్నం తినరు. అందికే ఇంజను అమ్మి బీమా కట్టేను, కారు బైటికి తీయించేను. తోసేవాళ్లకి పెట్రోలు కన్నా తక్కువే అవుతోంది, అందులోనే వాళ్లకి అన్నం కూడా పెడుతున్నాను. అప్పలకొండ జోలికి ఎల్లకండి. ఐదింటికి దొరగారొస్తే స్టీరింగు ఆయన చేతికే ఇచ్చెయ్యండి, మనుషులు తయారుగా ఉన్నారు. ఆయనకేటీ తెలీదు. రోజూ ఎక్కే ట్రాలీకి మాత్రం ఇంజనుందేటి? ఎక్కినవాళ్లు ఎప్పుడేనా ఎనక్కి తిరిగి చూసేరా? మీరు చూసేరా?"