వయసు మీరని వైన్

ఆదివారం పొద్దున ఫెర్నాన్ లబోర్డ్ ఇరవై రెండేళ్లుగా నేలమాళిగలో పడుకోబెట్టిన సీసాను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పైకి తెచ్చాడు. ముప్పాతిక కాబెర్నే, పావు మెర్లో ద్రాక్ష కలిపిన మెదోక్ ప్రాంతపు ఎర్ర వైన్. కొవ్వొత్తి వెలుగులో మడ్డి కదలకుండా గాజు కూజాలోకి వంచి, కాస్త గాలి తగలనిమ్మని వంటింటి బల్ల మీద పెట్టాడు. మధ్యాహ్నం ఊరి వైన్ సంఘం అధ్యక్షుడు ద్యుప్రా, ఇద్దరు సభ్యులను వెంటబెట్టుకుని రుచి చూడటానికి వస్తున్నాడు. మెచ్చితే సంఘంలో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క చోటు ఫెర్నాన్‌ది. తన మందుల దుకాణం మూసేసిన నాటి నుంచి పదకొండు దరఖాస్తులు పెట్టుకున్నాడు. అంతకు మించిన మోక్షం అతనికి తోచలేదు.

బట్టలు మార్చుకుని వచ్చేసరికి కూజా బోసిపోయి ఉంది. అత్తగారు ఒనొరీన్, చర్చి నుంచి ఆవిడతో వచ్చిన ఇద్దరు ముసలమ్మలు, సూప్ గిన్నెల అడుగున మిగిలిన వేడి రసంలో వైన్ కలుపుకుని, గిన్నెలెత్తి తాగుతున్నారు. ఆ పల్లెల్లో పెద్దవాళ్లకు సూప్ అలాగే ముగియాలి. ఆ పూట ఆ ఇంట్లో సుఖపడ్డవాళ్లు ఆ ముగ్గురే.

"అత్తయ్యా! అది ఇరవై రెండేళ్ల వైన్!"

"అదా సంగతి! కాస్త నీరసంగా ఉందేమిటా అనుకున్నాం. మూతి ముడవకు అల్లుడూ, నింపేస్తాగా," అంటూ ఆవిడ మాంసం ఉడికించడానికి తెచ్చిన ప్లాస్టిక్ క్యాన్‌లోని నిరుటి వైన్ కూజాలోకి ఒంపింది. ముసలమ్మలు అటు వెళ్లారో లేదో, ఫెర్నాన్ ఇంకో సీసా కోసం కదిలేలోపే ద్యుప్రా సభ్యులిద్దరితో లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని, కూజా వైపు చెయ్యి చాపాడు.

గ్లాసు తిప్పాడు, ముక్కు దూర్చాడు, పుక్కిలించాడు, కళ్లు మూసుకున్నాడు. అది చూసి సభ్యులిద్దరూ మూసుకున్నారు.

"అద్భుతం! ఇరవై రెండేళ్లయినా నిన్నగాక మొన్న పిండినట్టుంది. వయసే మీద పడలేదు!"

"పడనే లేదు," అన్నారు ఇద్దరూ.

"ఏం నేలమాళిగయ్యా నీది!"

అక్కడితో ఊరుకుంటే చోటు దక్కేది. కానీ తన సీసాకు రావలసిన పొగడ్త క్యాన్ కొట్టేసిందని ఫెర్నాన్‌కు కడుపు మండింది. పరుగున వెళ్లి మొదటిదాని జోడీ సీసా తెచ్చి పోశాడు. ఇటుక రంగు, ఎండుటాకుల వాసన, నిండుగా పండిన వైన్.

ద్యుప్రా ఉమ్మేశాడు. "ఇది నీ నేలమాళిగలోది కాదు. ఏ సంతలోనో కొనుక్కొచ్చి మాకు అంటగడతావా?"

"అసలుది ఇదే! మీరు మెచ్చుకున్నది క్యాన్‌లోది! కావాలంటే మా అత్తగారిని అడగండి!"

"అవును బాబూ, నేనే పోశాను," అంది ఒనొరీన్. "వచ్చే ఆదివారం చర్చి దగ్గర చెబితే ఊరు ఊరంతా నవ్వుకుంటుంది."

సంఘం వాళ్ల ముగ్గురి మొహాల్లో నెత్తురు చుక్క లేదు. ద్యుప్రా గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, సంఘంలో చేరినవాళ్లు బల్ల దగ్గర జరిగింది బయట చెప్పబోమని ప్రమాణం చేస్తారు. తమరు చేరతారా?"

"ఉన్నది ఒక్క చోటే! అది నాది!" అని అరిచాడు ఫెర్నాన్.

"నువ్వెలాగూ చెప్పవులే. క్యాన్ వైన్ మాకు తాగించింది నువ్వే కదా."

"భోజనం పెడతారా?" అని అడిగింది ఒనొరీన్.

"నెలకు రెండుసార్లు. బాతు మాంసంతో."

"అయితే సరే."

ఫెర్నాన్ పన్నెండో దరఖాస్తు ప్రస్తుతం అత్తగారి పరిశీలనలో ఉంది.