అద్దం గంప

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ మొయినాబాద్ దాకా పాకిన రోజులవి. ఆ ఉదయం దీవెనకు ఉన్న పని ఒక్కటే. పది గంటలకు, స్థలం కొన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజర్ మహేశ్వర్ వచ్చేలోపు, ఊరి శివారులోని అయిదెకరాల గడ్డి గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటున్నదని మిషను మీద చూపించాలి. అంకె తగ్గితే గడ్డి నిలుస్తుంది. పెరిగితే దాని మీద కార్ల పార్కింగ్‌కు సిమెంటు పోస్తారు. ముప్పయ్యేళ్లుగా గొర్రెలు అక్కడే మేపుతున్న కుర్మయ్యకు, పరిశోధన చేసే దీవెన కంటే ఆత్రం ఎక్కువగా ఉంది.

చేవెళ్ల నుంచి మొదటి బస్సుకే వచ్చిన దీవెన, గంపంత ప్లాస్టిక్ పెట్టెను గడ్డి మీద బోర్లించింది. అద్దంలా తేటగా ఉండే పెట్టె అది. దాని గొట్టాన్ని రేకుల షెడ్డులోని మిషనుకు తగిలించి లోపల కూర్చుంది. ఎండ బాగా కాస్తోంది. అంకె తగ్గడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే పైన గద్ద తిరిగింది. గడ్డి అంచున గుడిసె ముందు కూర్చున్న కుర్మయ్య భార్య అంతమ్మ తన కోడినీ, దాని తొమ్మిది పిల్లలనూ చూసుకుంది. ఎదురుగా ఖాళీ గంప ఒకటి బోర్లించి ఉంది. అన్నింటినీ దాని కిందికి తోసింది. ఎండ తగలకుండా పైన తడి గోనెసంచి కూడా కప్పింది. ఏ పనైనా సగంలో వదిలే మనిషి కాదు.

షెడ్డులో అంకె ఎగబాకింది.

"కుర్మయ్యన్నా, గొర్ల ఊపిరి తగుల్తున్నదేమో. జర దూరం తోలు."

"నా గొర్లు ఊపిరి గూడ తీసుకోవద్దా బిడ్డా?" అంటూనే కుర్మయ్య తోలుకుపోయాడు. అంకె ఇంకా పెరిగింది. దీవెన బ్యాటరీ మార్చింది, మిషను ఆపి మళ్లీ పెట్టింది, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. అంకె ఏదీ వినలేదు.

మహేశ్వర్ పది నిమిషాలు ముందే వచ్చి తెర చూశాడు. "ఇది పీల్చుకునుడు లేదమ్మా, వదుల్తున్నది. పార్కింగే నయం." పార్కింగ్ కాగితం మీద సంతకానికి జేబులోంచి పెన్ను తీశాడు. కుర్మయ్య తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అది చూసి దీవెనకు ఏడుపొచ్చింది.

"ఒక్కసారి పెట్టె చూద్దాం సార్."

బయట పెట్టె కనబడలేదు. తడి గోనెసంచి ఒకటి కొక్కొక్కమంటోంది.

"గంప ఖాలీగున్నది గదా అని పెట్టిన బిడ్డా," అంది అంతమ్మ. "గద్ద పోంగనే ఇస్త."

"ఈ కోడిని ఐతారం నాడు కోసుడే," అన్నాడు కుర్మయ్య.

దీవెన వివరించింది. కోడి ఊపిరి వదిలింది, సంచి ఎండను ఆపింది, ఎండ లేకపోతే గడ్డి కూడా వదలడమే తప్ప పీల్చుకోదు.

మహేశ్వర్ వంగి, సంచి అంచు ఎత్తి కోడిని చూశాడు. "ఒక్క కోడి, దాని పిల్లలు, గింత పెంచినయా?"

"సంచి కూడా కలిసింది సార్."

"మరి మా ఎనిమిది వందల కార్లు?"

దీవెన గోనెసంచి తీసి పక్కన పడేసింది.

కోడిని తీసేసి, గాలి మారనిచ్చి మళ్లీ కొలిచారు. ఈసారి మహేశ్వరే గద్దకు కాపలా ఉన్నాడు. అంకె దిగింది, దిగుతూనే ఉంది. "పార్కింగ్ గేటవతల రాళ్ల జాగల పెడతం," అని పెన్ను జేబులో పెట్టుకున్నాడు. కుర్మయ్య గొర్రెల కోసం పరుగెత్తాడు. దీవెనకు అంతమ్మను కావలించుకోవాలనిపించింది, కావలించుకుంది.

కుర్మయ్య కోడిని కోస్తానన్న ఆ ఆదివారం, చర్చి అయినాక దీవెనను అంతమ్మ భోజనానికి పిలిచింది. వంకాయ కూర వండింది.