ఫ్యాక్స్ గారు ఇంకా రాలేదు

సభామర్యాద పాటించే వెబ్‌సైటు భూమ్మీద ఒక్కటే ఉంది. అది అమలాపురంలో ఉంది. ఉదయం నుంచి తెరుచుకోవడం లేదు.

ట్రస్టు హాస్టల్ సీట్ల దరఖాస్తుకి గడువు ఈ ఒక్కరోజే, సాయంత్రం ఐదు వరకు. ఇప్పుడు నాలుగుంపావు. (గడువు పొడిగించమని కోరే ఫారం కూడా అదే వెబ్‌సైటులో ఉంది.)

ముక్తేశ్వరం నుంచి వచ్చిన అచ్చాయమ్మ, మనవరాలు కీర్తితో కౌంటరు ముందు నిలబడింది. "చక్రం తిరుగుతానే ఉంది బాబూ. సీటు రాకపోతే పిల్ల చదువు ఇంటరుతో సరండి."

"ముఖ్య అతిథిగారు రావాలి మామ్మగారూ" అన్నాడు స్టీఫెన్. అతను ట్రస్టువారి కాంట్రాక్టు ప్రోగ్రామరు. చెప్పింది అబద్ధం కాదు.

ఆ వెబ్‌సైటు ఒక పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్కు మీద నడుస్తుంది. అందులో ఒక్కో పనికి ఒక్కో లైబ్రరీ క్లాసు, అంటే ఒక చిన్న ప్రోగ్రాము: ఫొటో కుదించడానికొకటి, తేదీ సరిచూడ్డానికొకటి. లోడర్ అనేది ఏ క్లాసుతో పనుంటే దాన్నే పిలిచి, మిగతావాటిని నిద్రపోనిచ్చేది. ఇంతకన్నా అమర్యాద ఉండదు.

నిన్న సాయంత్రం కార్యదర్శి సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఈ సంగతి తెలిసి మనసు కష్టపెట్టుకున్నారు.

"మైకులో ఒక్క పేరు తప్పితే మనూళ్ళో ఏడాదిపాటు మాటలుండవు. అందర్నీ పిలవాలి స్టీఫెనూ. సీనియారిటీ వరసలో."

"పనిలేనివాళ్ళనీనాండీ?"

"పనుందని ఎవర్ని పిలుస్తామయ్యా వేదిక మీదకి?"

స్టీఫెన్ "ఆయ్" అన్నాడు. లోడర్‌ని మార్చాడు. అప్పటినుంచి పేజీ ఎవరు తెరిచినా అది నలభై ఆరు క్లాసుల్నీ వరసగా పిలుస్తోంది. అందరికన్నా పెద్దది ఫ్యాక్స్ క్లాసు. ఫ్యాక్స్ మిషను పాత ఇనుము కింద వెళ్ళి పదేళ్ళు దాటింది. అయినా దాని జవాబు వచ్చేదాకా లోడర్ ఆగుతుంది. పెద్దాయన రాకుండా సభ మొదలుపెట్టకూడదు కదా.

రెండు లైన్లు చెరిపితే సరిపోతుంది. ఐదు నిమిషాల పని. కానీ వెబ్‌సైటు ఎవరు పాడుచేశారో తేల్చడానికి నాలుగున్నరకి విచారణ సంఘం కూర్చుంది, అధ్యక్షులుగా కార్యదర్శి గారే. ట్రస్టు పన్నెండో నియమం ప్రకారం దోషి తేలేవరకు ఫైలు ఎవరూ ముట్టుకోరాదు. తేలాక పాడుచేసినవారే బాగుచేసి, ఆ సాయంత్రమే ఉద్యోగం వదిలి వెళ్ళాలి. పాస్‌వర్డు గుమస్తా సత్యదుర్గ బీరువాలో ఉంది.

స్టీఫెన్ జేబులో, లోడర్‌ని మార్చమని కార్యదర్శి గారి సంతకంతో ఉన్న ఉత్తర్వు ఉంది. తీసి చూపిస్తే దోషి ఆయనే. అప్పుడు లోడర్‌ని బాగుచెయ్యవలసిందీ ఆయనే. (కంప్యూటరుకి ఆయన ఇంతవరకు చేసిన సేవ, ఏటా ఆయుధపూజకి బొట్టు పెట్టడం.)

నాలుగు నలభై ఎనిమిది. కిటికీ అవతల కీర్తి సర్టిఫికెట్ల కవరు గుండెకి ఆనించుకుని గడియారం చూస్తోంది.

"ఎవరు చేసేరండీ ఇది?" అన్నారు కార్యదర్శి గారు, ఫ్యాను వైపు చూస్తూ.

స్టీఫెన్ జేబులోంచి చెయ్యి తీశాడు. ఖాళీ చెయ్యి.

"పేరు చెప్పండి, రాసుకుంటాను" అంది సత్యదుర్గ పెన్ను మూత తీసి. "మినిట్స్ పుస్తకంలో దోషికైనా గారు పెట్టాలండి."

"కొల్లాబత్తుల స్టీఫెన్" అన్నాడు అతను. "గారు తర్వాత చేర్చుకుందురుగాని, ముందు పాస్‌వర్డు ఇప్పించండి."